గోడ మీద కెప్టెన్

మార్చి రెండున తన అభిమాన కెప్టెన్ జట్టు కబడ్డీ కప్పు గెలిచినప్పుడు, ఆయన పేరు చెప్పి ఝాన్సీ తండ్రి ఆమదాలవలసలో వీధంతా జీళ్ళు పంచాడు. ఇవాళ భార్యను కొట్టిన కేసులో ఆ కెప్టెన్‌ని అరెస్టు చేశారు. కొత్తవలసలో మొగుడు విరగ్గొట్టిన కుడిచేతికి కట్టుతో పుట్టింటికొచ్చిన ఝాన్సీకి తండ్రే చేపల కూర కలిపి తినిపిస్తున్నాడు.

"గోడ మీద ఆడి ఫొటో తీసీ నాన్నా."

"ఎందుకమ్మా? ఆట ఆటే, ఇల్లు ఇల్లే."

"ఆవిడి దవడ విరిగిపోనాదట."

"ఆవిడేటన్నాదో ఎవులు సూసేరు? నాల్రోజులు పోతే ఆల్లే కలిసిపోతారు."

ఝాన్సీ ముద్ద మింగింది.

"మరి నన్నెప్పుడు పంపుతావు?"

"కట్టు ఇప్పేక. మీ మావకి మాటిచ్చీసేను. నోరు తెరు, ముల్లు తీసేను."

ఆమె నోరు తెరిచింది.

తిన్నాక గదిలోకి వెళ్ళి, గోడ మీద ఫొటో ఊగకుండా మెల్లగా తలుపు వేసుకుంది.