కళ్లు మూయని మందు

తెలంగాణ కోసం జనగామ రోడ్డు మీద వంటావార్పు చేస్తూ లాఠీదెబ్బలు తిన్న ఆమె, మనసు డాక్టరమ్మ ముందు మూడోసారి కూర్చుంది. చేతుల వణుకు తగ్గలేదు.

"నేను చెప్పినట్టు కండ్లు మూసుకొని మెల్లగ ఊపిరి పీలుస్తున్నవా అక్కా?"

"మూస్తే మళ్ల లాఠీ దిగుతది మేడం. పోలీసాయన ఉడికే గుండిగను బూటుతోని తంతడు. గంజి మా చెల్లె మొఖం మీద పడి తోలు ఊడుతది."

"మరి పోయినసారి మంచిగైందన్నవు?"

"కాలేదంటే మీ మనసు నొస్తదని."

డాక్టరమ్మ రాసుకున్నదంతా కొట్టేసింది.

"తప్పు నాదే. ఏం చేస్తే వణుకు ఆగుతది?"

"ఉల్లిగడ్డలు కోస్తే."

"అయితే రేపు ఇద్దరం కోద్దాం, కండ్లు తెరిచే."

"రేపు గాదు, సోమారం రాండ్రి మేడం. గదే రోడ్డు మీద మళ్ల పొయ్యి పెడుతున్నం."