ఈ ఏడాది చౌడు ఎవరు పోస్తారు?

తిరుపాల్! ఓ తిరుపాల్! మిద్దె దిగు. మాట్లాడేదుంటే కింద నిలబడి మాట్లాడు. ఆడనుంచి అరిచి చెప్తాంటే ఎదురింటోళ్ళు గూడా వింటాండారు.

ఏమన్న్యావు? ఇంకోసారి అను. మిద్దె కారకుండా పైన పోసే చౌడు మన్ను వేరే, ట్రాక్టరు బాడుగ వేరే, మనుషుల కూలి వేరేనా? నీ కూలి గూడానా?

తల గోక్కుంటావేందప్పా! బ్లౌజులు మిషను మీదే వదిలేసి, పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరుకు వచ్చింది ఇది వినేదానికేనా నేను?

లోపలికి రా. ప్రేమలతా, కొంచెం జరగమ్మా, మేస్త్రీకి చూపిస్తాను. చూడు, మిద్దె కారి పాపం, బాడుగకుండే మనిషి ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదనే పెట్టుకుంది. బియ్యం తడిసె, పిల్లోళ్ళ పుస్తకాలు తడిసె. ఈ బండ చూడు, యాడికి దిగిందో! కింద మగ్గం గుంతంట. నేతోళ్ళు మగ్గం తీసేసినాక, ఊరికే మన్ను పోసి పైన బండ పరిచినారంట. ఈమె మొగుడు కాలు పెడితే చీలమండ దాకా పోయిందంట!

కొనేటప్పుడు ఈ బండనే కాలితో టకటక కొట్టి, "రాయి లెక్కుంది, భయపడొద్దు శిరీషా" అన్న్యావే. బేల్దారివి, కింద గుల్లని నీకు తెలియదా?

నేనడగలేదా? బాగుందప్పా! బ్లౌజుకు చంక కింద ఎంత వదలాలో అడుగు, చెప్తాను. ఇల్లు కొనేటప్పుడు ఏం అడగాలో నాకెవరు నేర్పినారు?

మా మహాదేవత్త మాత్రం అడిగింది. "బాడుగొస్తాది, పొదుపు సంఘం లోను కంతు కట్టుకుంటానంటాండావు, సరే. మట్టి మిద్దె కదనే, ఏటా దానికి పెట్టాల. గోడకు పెట్టాల, బండలకు పెట్టాల. వాటికేం పక్కన పెట్టినావే?" అనింది. నేనేం చేసినానో తెలుసునా? నవ్వినా. ఒళ్ళొస్తే విప్పుకుంటారని ప్రతి బ్లౌజుకూ లోపల గుడ్డ వదిలి కుడతానా, ఇంటికి మాత్రం ఒక్క పిసరు వదల్లేదు.

యాల వదలాల? ఆ పొద్దు నువ్వీడే నిలబడినావు, గవాచి కింద. మిద్దెలోని ఆ కంత నుంచి ఎండ దిగి నీ మీదే పడినాది. జుట్టులో సున్నం పొడి మెరుస్తాంది. "మిద్దె సంగతి నాకొదిలెయ్. ఏటా వానలకు ముందర చౌడు నేనే పోస్తా. మన ఇంటికి మనం కూలి తీసుకుంటామా" అన్న్యావు.

మన ఇల్లు అన్న్యావు తిరుపాల్. ఊరికే వాడుక మాటంటావా? ఆ మాటను బస్సులో ఆదోని దాకా ఒళ్ళో పెట్టుకోని పోయినా నేను. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూసిందాన్ని కాదు.

పోయినేడు చౌడు పోసినావు, కాఫీ తాగి పోయినావు. ఈ ఏడు వానలొచ్చినా రాకపోతివి. యాల రాలేదో ఇప్పుడే ప్రేమలత చెప్పింది. ఆలూరు పిల్లంట కదా. నిశ్చితార్థానికి కోటు వేసుకున్యావంట. బాగుంటివంట.

నవ్వొద్దు. నీకు సిగ్గయితాందేమో, నాకు గుండెలో బండ దిగిపోతాంది.

ఈమె నెలాఖరుకు ఖాళీ చేస్తానంటాంది. బాడుగ రాకపోతే కంతు యాడ తెచ్చి కట్టాల? సంఘంలో ఆడోళ్ళంతా నా ఇంటి ముందర కూర్చుంటారు. సరే, కుట్టు మిషను తాకట్టు పెట్టన్నా మిద్దె బాగు చేయించుకుంటా. నీ కూలి గూడా అందరికిచ్చినట్ల నీకూ ఇస్తా.

ఉండు, నిచ్చెనెక్కొద్దు. ప్రేమలతా, నువ్వు యాడికీ పోవద్దు, నువ్వూ విను.

అత్తకు ఆ పొద్దు చెప్పని జవాబు ఈ పొద్దు చెప్తాండా. రిపేరుకని నేను పక్కన పెట్టుకున్నది నిన్నే తిరుపాల్. నువ్వంటే ఇష్టముండబట్టే ఈ ఇల్లు కొన్న్యా.