కాలు మార్చిన పిండికట్టు

“ఏమండీ, రాత్రి పడుకునేటప్పుడు కుడికాలికి ఉన్న పిండికట్టు తెల్లారేసరికి ఎడమకాలికి ఎలా వచ్చింది?”

మంచం మీద సగం సర్దిన పెట్టె. కుర్చీలో కాలు బారజాపుకుని ఈత మాస్టారు, ఎదురుగా ఆయన భార్య. గుమ్మంలో ఆమె తమ్ముడు, ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు.

“ఎడమకాలే కదే విరిగింది? మొదట్నించీ ఎడమకాలే.”

“నిన్న దిండు పెట్టింది కుడికాలి కింద. ‘అబ్బా, మెల్లిగా’ అని మీరు మూలిగిందీ కుడికాలు పట్టుకునే.”

“నువ్వు ఎదురుగా నిలబడి చూశావు. ఎదురుగా చూస్తే కుడి ఎడమవుతుంది.”

“పక్కనే పడుకున్నానండీ! ఒరేయ్ తమ్ముడూ, ఎక్కడికి జారుకుంటున్నావు? ఇలా రా.”

“డ్యూటీకి టైమైంది అక్కా. అక్కడ చేతులు విరిగినవాళ్లు ఎదురుచూస్తుంటారు.”

“నిజం చెప్పకపోతే నువ్వూ ఆ వరసలో కూర్చుంటావు. కట్టింది నువ్వేగా? ఏ కాలికి కట్టావు?”

“అంటే... విరిగిన కాలికి.”

“ఏది విరిగింది?”

“బావ ఏది చూపిస్తే అది.”

“ఒరేయ్, నోరు జారకు!”

“మీరుండండి. ఎక్స్‌రే ఎక్కడరా?”

“కరెంటు పోయింది అక్కా.”

“మీ బావ మిషన్ పాడైందన్నారే?”

“మిషన్ పాడయ్యాక కరెంటు పోయింది.”

“ఓహో. పిండికట్టుకి వెనకాల ఈ కోత ఏంటి? మేజోడులా తొడుక్కోవడానికా?”

“గాలాడ్డానికి అక్కా. బావకి దురద పెడుతోందంటేనూ...”

“దురదకి విప్పారు, చీకట్లో తడుముకుని ఇంకో కాలికి తొడుక్కున్నారు. అంతేనాండీ?”

“దోమలు కూడా ఎక్కువగా ఉన్నాయే.”

“రేపు ప్రయాణం పెట్టుకుని ఏంటండీ ఈ నాటకం? మీరు రిటైరవుతున్నారని మీ శిష్యులంతా కలిసి సముద్రం ఒడ్డున రిసార్టుకి తీసుకెళ్తామన్నారు. సన్మానం అయిన మర్నాడే మీరు స్నానాలగదిలో జారిపడ్డారు. నేనేం వెర్రిదాన్నా?”

“నాకు ఎండ పడదే.”

“ఇన్నేళ్లూ ఈతకొలను గట్టు మీద ఎండలోనే కదా నిలబడ్డారు?”

“ఇసుక కూడా పడదు. కాలివేళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది.”

“ఇసుకకి జడిసి కాలు విరగ్గొట్టుకున్నారా? పిల్లలు ఎంత మురిపెంగా చెప్పారండీ! నీళ్లలో గుంజలు పాతి కట్టిన గదంట. మంచం దిగితే వరండా, వరండా దిగితే సముద్రం. మీకోసం నేనే పట్టుబట్టి ఆ గది అడిగాను.”

“నువ్వా అడిగింది?”

“వాళ్లు ముందు తోటలో గదన్నారు. చేపని తీసుకెళ్లి చెట్టెక్కిస్తారా అని కోప్పడ్డాను.”

“తోట కూడా ఉందా? కొబ్బరిచెట్లూ, నీడా, ఉయ్యాలా... తోటలో గదే బావుంటుందేమో కదే?”

“విరిగిన కాలుతో ఉయ్యాలూగుతారా?”

“మెల్లిగా ఊగుతాను.”

“ఊగడానికి తీరికెక్కడిది? మొదటిరోజు పొద్దున్నే మాస్టారు ముందు, వెనకాల శిష్యులందరూ, ఎదురుగా సముద్రంలో కనిపించే దిబ్బదాకా ఈదాలని ఏర్పాటు చేసుకున్నారు.”

“బావ కాలు విరిగింది అక్కడే అక్కా.”

“ఏంట్రా?”

“ఆ మాట విన్న సాయంత్రమే మా ఆసుపత్రికి వచ్చాడు. ఏ ఎముక విరిగితే నెల్లాళ్లు నీళ్లు తగలకూడదో చెప్పరా అన్నాడు.”

“ఒరేయ్! తోబుట్టువు కసిరితే చాలు, గుట్టంతా విప్పేస్తావా?”

“నీళ్లు తగలకూడదా? నీళ్లలో బతికిన మనిషికా? చాల్లెండి, నాకు అర్థమైంది. మీకు నాతో రావడం ఇష్టం లేదు.”

“అది కాదే...”

“పెళ్లయిన కొత్తలో నాకూ ఈత నేర్పుతానన్నారు. రేపు, రేపంటూ నా జుట్టు నెరిసిపోయింది. ఊరంతటికీ నేర్పారు, నన్ను మాత్రం ఒడ్డు మీదే ఉంచారు. అక్కడైనా నేర్పుతారని ఆశపడి ఎవరికీ చెప్పకుండా ఈతబట్టలు కుట్టించుకున్నాను.”

“నువ్వు... ఈతబట్టలు...”

“నవ్వారంటే కాలు నిజంగా విరుగుతుంది. రెండూ.”

“నవ్వట్లేదే. నీ మీద ఒట్టు.”

“మీరు రావద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను. మీ శిష్యులే నేర్పుతారు. ఇదిగో, మీ సామాను తీసి బయట పడేస్తున్నాను. తువ్వాలు, టోపీ, ఈత నిక్కరు... ఇదేంటండీ? దీనికి కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది!”

“అది కొత్తదే. మొన్ననే కొన్నాను.”

“మన పెళ్లయిన ఏడాది నేను కొనిచ్చింది ఇది. నడుం చూడండి, ఇప్పుడు ఇందులో మీ తొడ ఒకటి పడుతుంది. ఇన్నాళ్లూ కొలను దగ్గర బీరువాలో ఉందన్నారు. రోజూ వేసుకుంటున్నానన్నారు. ఏమండీ, నా మొహం చూసి చెప్పండి. మీరు చివరిసారి నీళ్లలో ఎప్పుడు దిగారు?”

“చివరిసారి ఉండాలంటే మొదటిసారంటూ ఒకటుండాలి కదే.”

“బావా!”

“నువ్వు డ్యూటీకి పోరా.”

“ఇప్పుడెలా పోతాను బావా?”

“అదేంటండీ, మునిగిపోతున్నవాణ్ని మీరు బయటికి లాగారని పేపర్లో కూడా వేశారుగా?”

“వెదురుగడ అందించి లాగాను. గట్టు మీద నించునే. నేను అక్కడ గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్నే. పాత మాస్టారు చెప్పాపెట్టకుండా పోయాడు. ఆయన ఈల పారేయడమెందుకని మెళ్లో వేసుకున్నాను. పైఆఫీసరు వచ్చి ‘మాస్టారు మీరేనా?’ అన్నాడు. కాదనేలోపు పిల్లలంతా వరసగా వచ్చి నిలబడ్డారు.”

“మరి అంతమందికి ఎలా నేర్పారండీ? మీ అంత కఠినుడు లేడంటారు. వందసార్లు చేయించందే ఎవర్నీ లోతుకి పోనివ్వరని...”

“పోనిస్తానా? లోతుకెళ్తూ ఒక్కొక్కడూ వెనక్కి తిరిగి నన్ను చూసేవాడు. మునిగితే మాస్టారున్నాడులే అని వాడి ధైర్యం. మునిగితే దూకాల్సింది నేనే కదా అని నా గుండెదడ. ఆ దడకి అలా అరిచేవాణ్ని. ఆ అరుపులకి వాళ్లకి ఈత వచ్చేసింది.”

“అయితే నాకూ అరిచి నేర్పొచ్చుగా? ఊళ్లోవాళ్లకి పనికొచ్చిన అరుపు కట్టుకున్న పెళ్లానికి పనికిరాలేదా?”

“వాళ్లెవరైనా మునిగితే వెదురుగడ అందించాలన్న తెలివి నాకుంటుందే. నువ్వు మునిగితే ఆ గడా గుర్తుండదు, ఏదీ గుర్తుండదు, దూకేస్తాను. నాకు ఈత రాదే!”