నడి ఎండలో ఫ్యాను ఆపి చూపించిన ఇంజనీరు శ్రీ శ్యాంసుందర్ గారు

1990 జూలై 2వ తేదీన గడివేముల విద్యుత్ కార్యాలయంలో సబ్ ఇంజనీరుగా చేరిన నాటి నుండి, ఈ నెలాఖరున నంద్యాలలో పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, శ్రీ జె. శ్యాంసుందర్ గారి ఉద్యోగ జీవితాన్ని నడిపించినది ఒక్కటే ప్రశ్న: "ఇది ఎందుకిట్లయింది?"

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును మార్పించి చేతులు దులుపుకోవడం వారికి చేతకాని విద్య. కొలిమిగుండ్లలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఒక్క పంటకారులో మూడుసార్లు కాలినప్పుడు, అందరూ రైతుల మోటార్లను నిందించగా, వారు తీగ వెంబడి రెండు మైళ్లు నడిచి, పడమటి గాలి వీచినప్పుడు మాత్రమే తీగను తాకుతున్న తుమ్మకొమ్మను కనిపెట్టారు. కొమ్మ కొట్టించిన తరువాత ఆ ట్రాన్స్‌ఫార్మరు పదకొండేళ్లు పనిచేసింది.

2016లో వారు అసిస్టెంట్ ఇంజనీరుగా ఆళ్లగడ్డకు వచ్చిన కాలంలోనే అక్కడి మిద్దెల మీదికి సౌర ఫలకాలు ఎక్కసాగాయి. ఇంటిమీద పుట్టిన విద్యుత్తు ఇంటి అవసరాలు తీర్చి, మిగిలినది వీధి తీగలోకి వెళ్లే ఏర్పాటు అది. అయితే వీధి సరఫరా ఆగిన క్షణాన, తీగమీద పనిచేసే మనిషికి ప్రాణాపాయం కలగకుండా, ఇంటి ఉత్పత్తి కూడా తనంతట తానే ఆగిపోతుంది. ఈ సంగతి, అసిస్టెంట్ ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టే కాగితాల్లో ఉండేది. కాగితాలు చదివే తీరిక కొన్నవారికి లేదు, విడమరచి చెప్పే ఓపిక అమ్మినవారికి లేదు.

శిల్పుల వీధి చివరి ఇంటిలో శ్రీనివాసులు గారు నలభై ఏళ్లు రాతిదుమ్ము పీల్చి, ఆక్సిజన్ యంత్రం ఆసరాతో ఊపిరి తీసుకుంటున్నారు. కరెంటు పోయినా యంత్రం ఆగకూడదనే ఆశతోనే వారి సతీమణి యశోదమ్మ గారు ఫలకాలు పెట్టించారు. మొదటి కోతలోనే యంత్రం ఆగింది. ఆమె ఎవరినీ అడగక, ఒక వైరింగు పనివానిచేత బ్యాటరీ ఇన్వర్టరును కలిపించి, సరఫరా లేనప్పుడు కూడా ఫలకాలు పనిచేసేటట్లు చేయించుకున్నారు. యంత్రం నడిచింది. ఆ విద్యుత్తు వీధి తీగలోకి కూడా పోగలదని ఆ ఇద్దరికీ తెలియదు.

2019 మే నెలలో ఒక మధ్యాహ్నం సుడిగాలికి ఆ వీధి తీగ తెగింది. ఆ వీధికి కరెంటు పంపే ఫీడరును ఆపించి, లైన్‌మన్ ఓబయ్య గారు స్తంభం ఎక్కబోతుండగా, "ముందు దీపం పెట్టి చూడప్పా" అన్నారు శ్యాంసుందర్ గారు. కర్ర చివరన కట్టిన పరీక్షా దీపం తీగను తాకగానే వెలిగింది.

"ఫీడరు ఆపినారా లేదా సార్?"

"ఆపినాం ఓబయ్యా. నా ముందరే ఆపినారు."

"మరి ఇది యాడ్నుంచి వస్తాండాది? పైనుంచి దేవుడు పంపిస్తాండాడా?"

తెగిన తీగలో మిగిలిన ముక్కకు కలిసి ఉన్నది ఒకే ఇల్లు, వీధి చివరనున్న శ్రీనివాసులు గారిది. గుమ్మంలోనే యశోదమ్మ గారు అడ్డంగా నిలిచారు.

"మిద్దె మాది, ఎండ దేవునిది. మధ్యన మీదేంది సార్? ఈ మిషను ఆపితే ఆయప్ప ఊపిరి ఆగుతాది."

"ఆపకుంటే ఓబయ్య ప్రాణం పోతాదమ్మా. కరెంటు పోతే ఈ ప్లేట్లు పనిచేయవని నీకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్పినారు? నువ్వే గదా సార్ వచ్చి సంతకం పెట్టిపోయింది."

శ్యాంసుందర్ గారు యంత్రం జోలికి పోకుండా, మీటరు పక్కనున్న ఫ్యూజును లాగి ఇంటికీ వీధికీ సంబంధం తెంచారు. లోపల యంత్రం నడుస్తూనే ఉంది. బయట దీపం ఆరింది. అయినా ఓబయ్య గారికి నమ్మకం చాలలేదు. "ఆ ఫ్యూజు జోబీలో పెట్టుకోని ఈడ్నే అరుగు మీద కూర్చో సార్. నువ్వు లేస్తే నేను దిగుతా."

రెండున్నర గంటలు వారు అరుగుమీదనుంచి కదలలేదు. యశోదమ్మ గారు మజ్జిగ తెచ్చి, "తాగు సార్, లేవద్దులే" అన్నారు.

మరునాటి నివేదికలో మొదటి వాక్యం, గృహస్థులకు విషయం తెలియజేయకుండా ధ్రువీకరించినది తామేనని. ఆ వాక్యం వారి పదోన్నతిని రెండేళ్లు వెనక్కు నెట్టింది. ఆ ఇంటికి మాత్రం వీధితో తెగిపోయే సరైన బ్యాటరీ ఏర్పాటును నెలలోపే దగ్గరుండి పెట్టించారు. శ్రీనివాసులు గారు నేటికీ ఉదయం ఎండలో కూర్చుని శిష్యుల ఉలిపనికి వంకలు పెడుతున్నారు.

అప్పటినుండి ఆళ్లగడ్డలోనూ, తరువాత నంద్యాలలోనూ, సంతకానికి ముందు ఇంటిల్లిపాదినీ పిలిచి, మిట్టమధ్యాహ్నం మెయిన్ స్విచ్ ఆపి, నెత్తిన అంత ఎండ ఉండగానే ఫ్యాను ఆగిపోవడం వారి కళ్లకు చూపించడం శ్యాంసుందర్ గారికి నియమమైంది. "సారు ఫ్యాను ఆపితే మా బేరం ఆగుతాంది" అని అమ్మకందారులు మొరపెట్టుకున్నారు. కానీ జనం బ్యాటరీ సంగతి ముందే అడగడం నేర్చుకున్నారు. ఆ తరువాత వారి పరిధిలో ఏ మిద్దెమీది విద్యుత్తూ ఏ లైన్‌మన్‌నూ తాకలేదు.

గాలివాన లేచిన ప్రతిసారీ అన్నం కంచం ముందునుంచి లేచిపోయే భర్తను ముప్పైఆరేళ్లు సహించిన శ్రీమతి అనిత గారికి మా కృతజ్ఞతలు. స్తంభమెక్కిన ప్రతి మనిషీ సాయంత్రానికి ఇల్లు చేరాలని కావలి కూర్చున్న శ్యాంసుందర్ గారు, ఇప్పుడు తామే ఇల్లు చేరుతున్నారు. ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, అనేక వేసవుల గాలివానలను మనందరిలాగే చీకట్లో విసనకర్ర విసురుకుంటూ, "కరెంటోళ్లు ఏం చేస్తాండారో" అని విసుక్కుంటూ గడిపే భాగ్యం వారికి కలగాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.