తిరుగు నడక

పాలకుర్తి దగ్గరి గుట్టల్లో టేకుచెట్ల నీడన పొద్దుటినుంచీ నడుస్తున్న తండ్రీకూతుళ్లు, మధ్యాహ్నానికి ఒక బండమీద కూర్చున్నారు.

"మోకాలు నొస్తాందా, నాయినా?"

"లేదు బిడ్డా. ఆపరేషన్ చేసిన కాలు మంచిగనే ఉన్నది."

"మరి మొఖం గట్ల పెట్టినవేంది?"

"ఇంత దూరం వచ్చినం. మళ్ల గింత దూరం వెనుకకు నడువాలె గద, అదే ఫికర్."

"వెనుకకెందుకు నడుస్తం?"

"డోర్నకల్‌ల రైల్వే నౌకరిల ముప్పై ఏండ్లు పట్టాలు సూసుకుంట నడిసిన. ఎంత పోతే అంత మళ్ల రావాలె, గా ఎండల్నే."

"ఇంకా కిందికే సూస్తానవ్. జర తలెత్తు. ఆ చింతచెట్టు కింద ఏమున్నది?"

"స్కూటీ... పొద్దుగాల మనం పెట్టిందే!"

"గుట్ట సుట్టు తిరిగొచ్చినం, నాయినా. అయిపోయింది. లే, ఇంటికి పోదాం."

"ఆగు బిడ్డా. జరసేపు చెట్లు సూడనియ్యి."