అతికించిన పువ్వు

ఆ ఉదయమే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అక్క, నేరుగా మొక్కల షెడ్డులోకి వెళ్ళి కాక్టస్ కుండీ ముందు కూర్చుంది. చెల్లెలు వెనకాలే వచ్చి నిలబడింది.

"ఈ పువ్వు జిగురుతో అతికించావా?"

"అవునక్కా."

"గింజ నుంచి పద్దెనిమిదేళ్ళు పెంచానే దీన్ని. పూసిందని నువ్వు ఫోటో పంపితే నర్సులందరినీ పిలిచి చూపించాను."

"నువ్వు సంతోషిస్తావనే..."

"అయ్యో, పట్టుకుంటే మొక్కంతా ఊడొచ్చేసింది! దీని వేరు ఏమైందే?"

"ఎండిపోతుందేమోనని రోజూ నీళ్ళు పోశాను. నువ్వు ఆసుపత్రిలో చేరిన మూడో వారానికే వేరు కుళ్ళిపోయింది."

"నెలకోసారి చాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా! ఎడారి మొక్క అది. నీళ్ళు ఒంట్లోనే దాచుకుంటుంది. వేరు చచ్చినా నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది."

"అందుకే నీకు తెలీదనుకున్నా."

"అంటే ఆ పచ్చదనంతోనే నా కళ్ళు కప్పావన్నమాట."

"తప్పయిపోయిందక్కా. అప్పుడు నీకు నిజం చెప్పడానికి నోరు రాలేదు."

"సరే, ఇప్పుడు నా మొహం చూసి చెప్పు. ఆపరేషన్‌తో జబ్బంతా పోయిందని డాక్టరు అన్నాడన్నావే, ఆ మాట నిజంగా ఆయన అన్నదేనా?"

చెల్లెలు వంగి, ఖాళీ కుండీలో మట్టి సర్దసాగింది.