ముక్కలు చేసిన పేరు

ఫోరస్ రోడ్‌లో కూలీలుండే ఇరుకు గదుల చాల్‌లో, చనిపోయిన తాత ఆస్పత్రి కాగితాన్ని అవ్వ నర్సింగ్ చదివే మనవరాలి ముందు పరిచింది.

"తాతకొచ్చిన రోగం పేరేంది బిడ్డా?"

"న్యూమోకోనియోసిస్. ముక్కలు చేస్తే అల్కగైతది అవ్వా. న్యూమో అంటే ఊపిరితిత్తులు, కోని అంటే దుమ్ము, ఓసిస్ అంటే రోగం. గట్టిగ పలికే జోరు 'ఓసిస్'ల 'ఓ' మీద వెయ్యాలె."

"దుమ్మేనా! దినాం అంగి దులిపినంకనే ఇంట్లకు రానిస్తుంటి. న్యూ... మో... కో... ని... ఓ... సిస్."

"అరె వా! గింత పెద్ద మాట అన్నవ్!"

"ఆయన పేరు గూడ గట్లనే నేర్పు."

"తాత పేరా? నీకు రాదా?"

"మొగని పేరు తియ్యద్దనిరి. నలభై ఏండ్లల్ల ఒక్కపారి గూడ పిలువలే."

"చెన్... నయ్... య. ఇప్పుడు నువ్వను."

"జోరు దేని మీద వెయ్యాలె బిడ్డా? శాన దూరం పోయిండు గద."